హుసైన్ ఓన్: పడవల్లో వచ్చిన కాందిశీకుల నాటి మలేషియా ప్రధాని

మలేషియా తూర్పు తీరానికి ఎదురుగా, తెరెంగాను రాష్ట్రం దగ్గరి సముద్రంలో పులావ్ బిడోంగ్ అనే చిన్న దీవి ఉంది. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. అంతా కలిపి ఒక చదరపు కిలోమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. 1978 మధ్య వరకు అక్కడ జనం కాపురం లేదు. ఒక కొండ, కొన్ని కొబ్బరి చెట్లు, రాళ్ళు, చుట్టూ ఉప్పునీరు, అంతే. మరుసటి ఏడాది జూన్ నాటికి ఆ దీవి మీద సుమారు 40,000 మంది తలదాచుకుంటున్నారు.

వారంతా వియత్నాం నుంచి చేపల పడవల మీద ప్రాణాలకు తెగించి బయలుదేరి వచ్చినవారు. లోకం వారికి పడవ ప్రజలని పేరు పెట్టింది. వారిలో ముస్లింలు బహు కొద్దిమంది. ఎక్కువమంది బౌద్ధులు, క్రైస్తవులు, తరాల క్రితం చైనా నుంచి వచ్చి వియత్నాంలో స్థిరపడిన వ్యాపార కుటుంబాలవారు. వారికి దీవి చూపించి తిండి, నీరు అందే ఏర్పాటు చేసింది ముస్లింలు అధికంగా ఉన్న మలేషియా. అదే రోజుల్లో వేలాది మందిని పడవలకు తాడు కట్టి మళ్ళీ నడిసముద్రంలోకి లాగి వదిలింది కూడా ఆ మలేషియాయే. ఈ రెండు పనులూ ఒకే ప్రధాని హయాంలో జరిగాయి. ఆయన తున్ హుసైన్ ఓన్. మహాతీర్ ముహమ్మద్ పేరు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆయనకు ముందు అదే కుర్చీలో అయిదున్నర సంవత్సరాలు కూర్చున్న ఈ మనిషి పేరు మాత్రం ఇక్కడ అరుదుగా వినపడుతుంది. స్వదేశంలో ఆయనను ఐక్యతా పిత అని పిలుచుకుంటారు.

ఖాందాన్, చదువు

హుసైన్ 1922 ఫిబ్రవరి 12న మలయా దక్షిణ కొసన ఉన్న జొహోర్ బాహ్రు పట్టణంలో జన్మించారు. తండ్రి ఓన్ జాఫర్, తల్లి హలీమా. తాతగారు జాఫర్ బిన్ ముహమ్మద్ జొహోర్ సుల్తానుకు తొలి ముఖ్యమంత్రి. నాయనమ్మ రుఖియా ఖానమ్ ఉస్మానియా ఖిలాఫత్ గడ్డ నుంచి వచ్చిన సర్కాసియన్ వనిత. మలయ్ జాతికి నాయకత్వం వహించిన ఖాందాన్‌లోనే ఒక పరదేశపు కోడలు కాపురం చేసిందన్న మాట. పెద్ద కుటుంబాల చరిత్ర తిరగేస్తే ఇలాంటివి చాలాచోట్ల కనిపిస్తాయి. చెప్పుకునేవారు తక్కువ.

సింగపూర్‌లోనూ, జొహోర్ బాహ్రులోని ఇంగ్లీష్ కాలేజీలోనూ చదివిన హుసైన్ 1940లో జొహోర్ సైన్యంలో క్యాడెట్‌గా చేరారు. అక్కడి నుంచి ఆయనను మన దేశానికే పంపారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొంది, అటుపిమ్మట భారత సైన్యంలో అధికారిగా మధ్య ప్రాచ్యానికి వెళ్ళారు. ఇంతలో జపాన్ సేనలు మలయా మీద పడ్డాయి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనమయింది. ఇరవయ్యేళ్ళ యువకుడు యుద్ధంలో ఒకవైపున, తల్లిదండ్రులు ఉన్న ఊరు శత్రువు చేతిలో. తర్వాత రావల్పిండిలో మలయా పోలీసులను తయారుచేసే కేంద్రంలో పనిచేసి, 1945లో యుద్ధం ముగిశాకే ఆయన ఇల్లు చేరారు. సొంత ఊరికి దారి మూసుకుపోవడమంటే ఏమిటో ఆ వయసులోనే చూసిన మనిషి.

తండ్రి ఓన్ జాఫర్ సామాన్యుడు కాదు. 1946 మేలో మలయ్ ప్రజలందరినీ ఒక తాటిమీదికి తెచ్చి ఉమ్నో అనే పార్టీని స్థాపించింది ఆయనే. తర్వాత దశాబ్దాల తరబడి మలేషియాను పాలించింది ఆ పార్టీయే. హుసైన్ 1949లో దాని యువజన విభాగానికి తొలి అధ్యక్షుడయ్యారు, మరుసటి ఏడాది ప్రధాన కార్యదర్శి అయ్యారు. దారి సాఫీగా ఉంది. అయితే తండ్రికి ఒక ఆలోచన వచ్చింది. మలయాలో మలయ్‌లు మాత్రమే లేరు, చైనీయులు ఉన్నారు, తమిళులు, తెలుగువారు మొదలైన భారతీయులు ఉన్నారు. రేపు స్వాతంత్ర్యం వస్తే అందరూ కలిసి బతకాలి కదా, కాబట్టి పార్టీ తలుపులు అన్ని జాతులకూ తెరవాలని ఆయన పట్టుబట్టారు. పార్టీ ఒప్పుకోలేదు. 1951లో తాను పుట్టించిన పార్టీని తానే వదిలి బయటకు వచ్చి, అన్ని జాతులకూ చోటుండే కొత్త పార్టీ పెట్టారు. కొడుకు కూడా పదవి వదిలి తండ్రి వెంట నడిచాడు.

కొత్త పార్టీ నిలవలేదు. అందరికీ తలుపు తెరిచిన పార్టీకి ఏ జాతీ నిండు మనసుతో ఓటు వేయలేదు. ఈ అనుభవాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు ఇది పనికొస్తుంది. హుసైన్ రాజకీయాలు మాని లండన్ వెళ్ళి లింకన్స్ ఇన్‌లో న్యాయశాస్త్రం చదివి, తిరిగి వచ్చి కౌలాలంపూర్‌లో వకీలుగా స్థిరపడ్డారు. 1957లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. తుంకు అబ్దుల్ రహ్మాన్ ప్రధాని అయ్యారు. 1962లో తండ్రి కన్నుమూశారు. ఆ సంవత్సరాలన్నీ హుసైన్ కోర్టు కాగితాల మధ్యనే గడిపారు.

తోడల్లుడి పిలుపు

ఆయనను మళ్ళీ రాజకీయాల్లోకి లాక్కొచ్చింది తున్ అబ్దుల్ రజాక్. వీరిద్దరూ తోడల్లుళ్ళు, మనం ఉర్దూలో హమ్‌జుల్ఫ్ అంటామే, అదన్నమాట. మామగారు ముహమ్మద్ నూహ్ ఉమర్ స్వతంత్ర మలయా పార్లమెంటు దిగువ సభకు తొలి స్పీకరు. 1968లో హుసైన్ తిరిగి ఉమ్నోలో చేరారు. 1969 ఎన్నికల్లో గెలిచారు. ఆ ఎన్నికలు ముగిసిన మూడో రోజునే, మే 13న, కౌలాలంపూర్ వీధుల్లో మలయ్‌లకూ చైనీయులకూ మధ్య ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 196 మంది చనిపోయారు. ఆ రక్తం మరక తర్వాతి ప్రతి నిర్ణయం మీదా పడింది, పడవల విషయంలో కూడా.

రజాక్ ప్రభుత్వంలో హుసైన్ విద్యామంత్రి అయ్యారు. 1973 ఆగస్టులో ఉప ప్రధాని డాక్టర్ ఇస్మాయీల్ హఠాత్తుగా మరణించగా ఆ స్థానం ఈయనకు దక్కింది. 1976 జనవరి 14న రజాక్ కూడా లండన్‌లో తుదిశ్వాస విడిచారు. మరుసటి రోజే హుసైన్ ప్రధాని. ఎనిమిదేళ్ళ క్రితం వరకు వకీలు వృత్తి చేసుకుంటున్న మనిషి, పదవి కోసం పరుగెత్తని మనిషి, ప్రభుత్వాధినేత అయ్యాడు. గొంతు పెంచి మాట్లాడే స్వభావం కాదు. ఫైలు వస్తే ప్రతి పంక్తీ చదవనిదే సంతకం పెట్టేవారు కాదని, అందువల్ల పని నెమ్మదిగా సాగేదని చెప్పుకునేవారు. లంచం విషయంలో మాత్రం నెమ్మది లేదు. సెలంగోర్ రాష్ట్ర ముఖ్యమంత్రి హారూన్ ఇద్రీస్ పార్టీలో మహా పలుకుబడి గలవాడు, యువజన విభాగం మొత్తం ఆయన వెనుక ఉంది. ఆయన మీద అవినీతి కేసు నడిచినప్పుడు పార్టీ చీలుతుందేమోనని చాలామంది భయపడ్డారు. హుసైన్ జోక్యం చేసుకోలేదు. హారూన్ జైలుకు వెళ్ళారు.

పడవలు

1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరం ఉత్తర వియత్నాం సేనల వశమయింది. మరుసటి నెలలోనే 47 మందితో తొలి పడవ మలేషియా తీరం చేరింది. తర్వాత రెండు మూడేళ్ళు వచ్చినవారు కొద్దిమందే. 1978 మార్చిలో వియత్నాం ప్రభుత్వం దక్షిణాదిలో ప్రైవేటు వ్యాపారాన్ని రద్దు చేయడంతో పరిస్థితి తారుమారయింది. ఆ వ్యాపారంలో అధిక భాగం చైనా జాతి కుటుంబాల చేతిలో ఉండేది. దుకాణాలు పోయాయి, కొందరిని అడవులు నరికి సాగుచేసే కొత్త ప్రాంతాలకు తరలించసాగారు. బంగారం చెల్లించినవారిని అక్కడి అధికారులే చూసీచూడనట్టు వదిలేసేవారు. ఇంట్లో ఉన్న నగానట్రా అమ్మి, ముసలివాళ్ళను, చంటిపిల్లలను ఎక్కించుకుని, నది మీద తిరిగే పడవల్లో జనం మహాసముద్రంలోకి దిగారు. దారిలో తుఫానులు, ఇంజను ఆగిపోవడాలు, మంచినీళ్ళు అయిపోవడాలు. వీటన్నిటినీ మించిన ఆపద సియాం సింధుశాఖలోని సముద్రపు దొంగలు. వారు చేసిన అఘాయిత్యాలు కుటుంబమంతా చదివే పేజీలో వివరంగా రాయదగ్గవి కావు.

పడవలు ఎక్కువగా వచ్చి తగిలింది తెరెంగాను, కెలంతాన్ తీరాలకు. అది మలేషియాలో పేద ప్రాంతం. మలయ్ ముస్లిం జాలర్ల పల్లెలు. సర్కారుకు వ్యతిరేకంగా ఉండే పాస్ పార్టీకి గట్టి పట్టున్న నేల. ఆ పల్లెల్లో కొందరు తడిసి వణుకుతున్న పిల్లలకు అన్నం పెట్టారు, కొందరు ఒడ్డున నిలబడి రాళ్ళు విసిరారు. శిబిరాల కోసం సరుకులు కొంటుంటే బజారులో చేపలు, కూరగాయల ధరలు పెరుగుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్నిటికన్నా లోతైన భయం మరొకటి. వస్తున్నవారిలో చాలామంది చైనా జాతివారు. మలేషియాలో మలయ్‌లు, చైనీయుల సంఖ్య తూకం మీద నడిచే సంసారం. 1969 ఇంకా ఎవరూ మరవలేదు. వేలాది కొత్త చైనీయులను దేశంలో కలుపుకుంటే ఆ తూకం ఏమవుతుందన్నది బజారులోని మాట మాత్రమే కాదు, మంత్రిమండలిలోని మాట కూడా.

హుసైన్ ప్రభుత్వం తీసుకున్న తొలి నిర్ణయం ఇది: వచ్చినవారు శాశ్వతంగా ఇక్కడ ఉండరాదు, వేరే దేశాలు తీసుకునేదాకా ఆగవచ్చు. మలేషియా శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చేసిన దేశం కాదు, నేటికీ చేయలేదు. అందుచేత ప్రభుత్వ కాగితాల్లో వారు శరణార్థులు కారు, అక్రమంగా ప్రవేశించినవారు. పేరు ఇలా పెట్టినా 1978 ఆగస్టు 8న బిడోంగ్ దీవిని శిబిరంగా తెరిచారు. మొదటి రోజు 121 మంది. దీవి 4,500 మందికి సరిపోతుందని అంచనా. ఖర్చు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థది, లోపలి నిర్వహణ మలేషియా రెడ్ క్రెసెంట్ సంఘానిది, కాపలా పోలీసులది. అన్నింటినీ కలిపి చూసేందుకు జాతీయ భద్రతా మండలి కింద ఒక ప్రత్యేక దళం ఏర్పడింది.

1978 అక్టోబరులో వియత్నాం ప్రధాని ఫాం వాన్ డోంగ్ కౌలాలంపూర్ వచ్చారు. మలేషియాలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు సాయపడబోమని మాట ఇచ్చారు. హుసైన్ మర్యాదగా ఆతిథ్యమిచ్చారు. అతిథి వెళ్ళిపోయిన తర్వాత పడవలు తగ్గలేదు సరికదా, రెట్టింపయ్యాయి. నవంబరులో హాయ్ హాంగ్ అనే సరుకుల ఓడ సుమారు 2,500 మందితో పశ్చిమ తీరంలోని పోర్ట్ క్లాంగ్ ముందు లంగరు వేసింది. ఇది తప్పించుకుని వచ్చిన పడవ కాదు, బంగారం తీసుకుని మనుషులను చేరవేసే వ్యాపారం అని మలేషియా దిగనివ్వలేదు. వారాల తరబడి జనం ఆ ఓడలోనే మగ్గారు. చివరికి కెనడా, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ వంటి దేశాలు వారిని పంచుకున్నాయి. పశ్చిమ జర్మనీలోని ఒక్క లోయర్ శాక్సనీ రాష్ట్రమే 1,000 మందిని పిలుచుకుంది.

అదే నెల 22న కువాలా తెరెంగాను దగ్గర మరో పడవను ఒడ్డుకు రానివ్వలేదు. అది నది ముఖద్వారం దగ్గరే తిరగబడింది. దాదాపు రెండు వందల మంది మునిగిపోయారు. అది ఒడ్డునుంచి కంటికి కనిపించేటంత దూరమే. ఆ తర్వాత వచ్చినవారు ఒక ఉపాయం నేర్చారు. నేల కనిపించగానే పడవకు తామే చిల్లులు పొడిచేవారు. మునిగిపోయే పడవను ఎవరూ వెనక్కి లాగలేరు కదా.

బిడోంగ్ మీద జనవరికి 18,000 మంది, జూన్‌కు 40,000 మంది. విరిగిన పడవల చెక్కలు, చెట్ల బెరడు, ప్లాస్టిక్ పట్టాలు, చదును చేసిన రేకు డబ్బాలతో గుడిసెలు వేసుకున్నారు. చోటు చాలక రెండు మూడు అంతస్తులు లేపారు. తాగునీరు అవతలి ఒడ్డునుంచి పెద్ద పడవల్లో రావాలి, మనిషికింత అని కొలిచి పోసేవారు. బియ్యం, డబ్బాల్లో నిలవచేసిన ఆహారం రేషను. ఆ ఇరుకులోనే కాలక్రమంలో బడి పెట్టుకున్నారు, వైద్యశాల నడుపుకున్నారు, కొండమీద ఒక చర్చి, ఒక బౌద్ధాలయం కట్టుకున్నారు. దర్జీలు, మంగలివారు, గడియారాలు బాగుచేసేవారు దుకాణాలు తెరిచారు. అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, ఫ్రాన్సు అధికారులు వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నలడిగి వెళ్ళేవారు. ఏ దేశమైనా ఒప్పుకుంటే లౌడ్‌స్పీకర్లో పేరు వినిపించేది. ఆ పేరు కోసం కొందరు వారాలు, కొందరు సంవత్సరాలు చెవులు రిక్కించి కూర్చున్నారు. పేరు వచ్చినవారిని కౌలాలంపూర్ దగ్గరి సుంగై బెసి శిబిరానికి, అక్కడినుంచి విమానానికి పంపేవారు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆగ్నేయాసియా మొత్తం మీద 1979 తొలి ఆరు నెలల్లో ఒక మనిషి శిబిరం వదిలి వెళితే ముగ్గురు కొత్తగా వచ్చి చేరుతున్నారు. మలేషియా శిబిరాల్లోనే 75,000 మంది పేరుకున్నారు. అప్పటి మలేషియా జనాభా కోటీ ముప్పై లక్షలు. ధనిక దేశాలు పత్రికల్లో జాలి చూపుతున్నాయి, మనుషులను మాత్రం తడవకు కొద్దికొద్దిగా తీసుకుంటున్నాయి. అందులోనూ ఇంగ్లీషు వచ్చినవారిని, చేతిపని తెలిసినవారిని, బంధువులు ఉన్నవారిని ముందు ఏరుకుంటున్నాయి. మిగిలినవారు దీవి మీదే.

ఈ దశలో హుసైన్ ప్రభుత్వం కఠినంగా మారింది. నౌకాదళానికి పడవలను తీరం చేరనీయవద్దని ఉత్తర్వులు వెళ్ళాయి. తాడు కట్టి అంతర్జాతీయ జలాల్లోకి లాగి వదిలేవారు. ఆ ఏడాది మొదటి సగంలో ఇలా తిప్పి పంపబడినవారు 50,000 మందికి పైమాటే. వారిలో చాలామంది ఇండోనేషియాకు చెందిన అనంబాస్ దీవులకు చేరుకున్నారు. చేరనివారి లెక్క ఏ దఫ్తరులోనూ లేదు.

జూన్ 15న ఉప ప్రధాని మహాతీర్ మరో అడుగు ముందుకు వేశారు. శిబిరాల్లో ఉన్నవారిని కూడా పడవలెక్కించి పంపేస్తామని, ఇకమీదట వచ్చేవారిని కనబడగానే కాల్చే అధికారం ఇస్తామని ఆయన అన్నట్టు వార్త ప్రపంచమంతా పాకింది. తన మాటను తప్పుగా విన్నారని తర్వాత వివరణ వచ్చింది. ఏదైతేనేం, ఒక్కరోజులో మలేషియా పేరు మసకబారింది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్ ఆందోళన తెలియజేశారు. అప్పుడు హుసైన్ స్వయంగా ముందుకు వచ్చారు. కాల్పులు ఉండవని ఆయన వాల్డ్‌హైమ్‌కు తెలియజేశారు, దేశానికీ చెప్పారు. అయితే కొత్త పడవలను దిగనిచ్చేది లేదన్న మాటను మాత్రం ఉపసంహరించుకోలేదు. జూన్ 30న బాలీలో సమావేశమైన ఆసియాన్ అయిదు దేశాల విదేశాంగ మంత్రులు కూడా అదే తీర్మానించారు. ఇక ఒక్కరినీ తీసుకోలేమని ముక్తకంఠంతో ప్రకటించారు.

ఇక్కడ నాకు తోచినది చెప్పడం ధర్మం. హుసైన్ పక్షాన మాట్లాడేవారు, ఆయన ఆ మొండితనం చూపకపోతే ప్రపంచం కదిలేది కాదంటారు. ఇందులో నిజముంది. భారం అంతా ముందుగా తగిలిన తీరం మీద పడేసి దూరాన కూర్చున్నవారిని కదిలించింది ఆ ఒత్తిడే. కానీ బేరం సాగిన ఆ నెలల్లో తాడు చివర ఉన్నది బేరసారాల కాగితాలు కావు, ఇంజను పాడైన పడవలో పసిపిల్లలను ఒడిలో పెట్టుకున్న తల్లులు. ఒడ్డు ఎంత ఇరుకైనా, కళ్ళెదుట మునిగేవారిని వెనక్కి నెట్టడాన్ని న్యాయమని నేను అనలేను. జాతుల మధ్య నిప్పు రాజుకుంటుందన్న ఆయన భయం అబద్ధం కాదు. తండ్రి తలుపులు బార్లా తెరవబోయి ఒంటరివాడు కావడం ఆయన దగ్గరుండి చూశారు. ఆ పాఠాన్ని ఆయన బహుశా అవసరానికి మించి నేర్చుకున్నారేమో.

1979 జూలై 20, 21 తేదీల్లో జెనీవాలో 65 దేశాలు కూర్చున్నాయి. పునరావాసానికి చోటు ఇస్తామన్న హామీలు 1,25,000 నుంచి 2,60,000కు పెరిగాయి. సుమారు 16 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. అమెరికా నెలకు 14,000 మందిని తీసుకోవడానికి అంతకుముందే ఒప్పుకుంది. అది పాత సంఖ్యకు రెట్టింపు. దొంగతనంగా బయలుదేరే పడవలను ఆపుతామని, వెళ్ళదలచినవారిని విమానాల్లో క్రమపద్ధతిలో పంపుతామని వియత్నాం మాట ఇచ్చింది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తమ దీవుల్లో పెద్ద శిబిరాలకు చోటిచ్చాయి. దీనికి బదులుగా మలేషియా వంటి తీర దేశాలు వచ్చినవారిని దిగనివ్వాలి. దిగినవారిని పెద్ద దేశాలు తీసుకెళతాయి. హుసైన్ ప్రభుత్వం మొదటినుంచి అడుగుతున్నది ఇదే. తోలివేతలు సద్దుమణిగాయి. 1979 జూలై నుంచి 1982 జూలై వరకు మూడేళ్ళలో 20కి పైగా దేశాలు 6,23,800 మంది ఇండోచైనా కాందిశీకులకు ఇళ్ళు చూపించాయి. బిడోంగ్ మీద లౌడ్‌స్పీకర్ రోజూ పేర్లు పిలవసాగింది.

మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. ఎవరినీ శాశ్వతంగా ఉంచుకోనన్న మలేషియా ఒక వర్గానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కంబోడియా, వియత్నాంలలోని చామ్ ముస్లింలు. 1975 నుంచి 1979 వరకు కంబోడియాను ఏలిన ఖ్మేర్ రూజ్ మూకలు ఆ జాతిని ఊచకోత కోశాయి, మసీదులు కూల్చాయి. ప్రాణాలతో బయటపడి వచ్చిన వేలాది మందిని మలేషియా తనలో కలుపుకుంది. తుంకు అబ్దుల్ రహ్మాన్ స్థాపించిన పెర్కిమ్ సంస్థ వారికి కెలంతాన్‌లో వసతి, చదువు, పని చూపించింది. భాషలో, ధర్మంలో మలయ్‌లకు దగ్గరివారు కాబట్టి తేలికగా కలిసిపోయారు. ఇది విన్నప్పుడు మనకు సంతోషం కలగడం సహజం. నేను తరగతిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు, మరి తక్కిన పడవలవారి మాటేమిటని ఒక కుర్రవాడు అడిగాడు. పాఠంలో లేని ప్రశ్న. గంట కొట్టేదాకా దాని చుట్టూనే తిరిగాం.

చివరి సంవత్సరాలు

1980 మార్చిలో కువాంతాన్‌లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తోతో కలిసి హుసైన్ మరో ప్రయత్నం చేశారు. వియత్నాంను చైనా, సోవియట్ యూనియన్‌ల లాగులాట నుంచి తప్పిస్తే ఆ ప్రాంతంలో శాంతి వస్తుందని, పడవలకు కారణమైన మూలమే తగ్గుతుందని ఇద్దరి ఆలోచన. అది ముందుకు సాగలేదు. 1981 తొలినాళ్ళలో ఆయన గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఏప్రిల్‌లో అమానాహ్ సహమ్ నేషనల్ పథకం ప్రారంభమయింది. అమానాహ్ అంటే మన అమానతే. పేద మలయ్ కుటుంబాలు చిన్న మొత్తాలతో పెద్ద కంపెనీల్లో వాటా పొందే ఏర్పాటది. జూలైలో ఆయన తానంతట తాను ప్రధాని పదవి వదిలేశారు. ఎవరూ దిగమని అడగలేదు. మహాతీర్ ప్రధాని అయ్యారు.

తర్వాతి సంవత్సరాలు ఆడంబరం లేకుండా గడిచాయి. కౌలాలంపూర్ దగ్గరి కంటి ఆసుపత్రి పనులకు ఆయన అండగా నిలిచారు. నేడు ఆ ఆసుపత్రికి ఆయన పేరే ఉంది. 1990 మే 29న అమెరికాలోని కాలిఫోర్నియాలో చికిత్స పొందుతూ హుసైన్ కన్నుమూశారు. భౌతికకాయాన్ని స్వదేశానికి తెచ్చి, జాతీయ మసీదు పక్కన మఖామ్ పహ్లవాన్‌లో తోడల్లుడు రజాక్ సమాధి దగ్గరే ఖననం చేశారు. మన దగ్గర పహిల్వాన్ అంటే కుస్తీ పట్టేవాడు. మలయ్ భాషలో ఆ మాటకు వీరుడని అర్థం.

ఆయన పోయేనాటికి లెక్క మళ్ళీ మారింది. 1989 జూన్‌లో జెనీవాలో రెండో సమావేశం జరిగింది. వచ్చిన ప్రతివారినీ కాందిశీకుడిగా ఒప్పుకోవడం ఆగి, విచారించి అర్హత తేల్చే పద్ధతి వచ్చింది. అర్హత లేదని తేలినవారు వియత్నాంకే వెళ్ళవలసి వచ్చింది. 1991 అక్టోబర్ 30న బిడోంగ్ శిబిరం మూతపడింది. 1996లో సుంగై బెసి కూడా మూసేశారు. ఇరవై ఏళ్ళలో మలేషియా ఒడ్డుకు చేరిన పడవ ప్రజలు రెండున్నర లక్షలకు పైగా. వారిలో చిట్టచివరి మనిషి దేశం వదిలింది 2005లో.

బిడోంగ్ ఇప్పుడు మళ్ళీ చెట్ల చేతికి వచ్చింది. ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాల నుంచి తల నెరసినవారు పిల్లలను, మనుమలను వెంటబెట్టుకుని అప్పుడప్పుడు వస్తుంటారు. అక్కడే కన్నుమూసి మట్టిలో కలిసిన తమవారి సమాధుల చుట్టూ గడ్డి పీకి, పాత జెట్టీ దగ్గర కాసేపు నిలబడి, పొద్దువాలకముందే పడవ ఎక్కి వెళ్ళిపోతారు.